నడిమి ప్లగ్గు రానంటోంది, పైపు తొడిగి తిప్పొచ్చా?

ప్రశ్న: మాది గార మండలం, కళింగపట్నం దగ్గర ఊరు. 1998 మోడల్ మారుతి ఓమ్నీ ఉంది, కార్బురేటర్ బండి. వెనక సీట్లు తీసీసి రోజూ తెల్లారగట్ట చేపల బాక్సులు శ్రీకాకుళం వేస్తుంటాను. రెణ్ణెల్లకోపాలి మిస్సింగ్ వస్తాది, ఇంజన్ మధ్యమధ్యలో తడబడతాది, స్పార్క్ ప్లగ్గులు మార్పిస్తే నాలుగు రోజులు బాగుంటాది, మళ్లీ మామూలే. కిందటిసారి షెడ్డులో కుర్రోడు బండి ఆపిన వెంటనే వేడి మీదే బిగించీసాడు. ఈసారి నేనే మార్చుకుందామని కూర్చున్నాను. చివర్లవి రెండూ వచ్చాయి, రెండూ పొడి మసిలా నల్లగా ఉన్నాయి. నడిమిది మాత్రం కదల్లేదు. పానాకి పైపు తొడిగి తిప్పితే వస్తాదంటున్నారు. ఏటి చెయ్యమంటారు? కొత్తవి ఏ నంబరువి కొనాలి, గ్యాప్ ఎంత పెట్టాలి? ఉప్పుగాలి కదా, మరకి గ్రీజు రాయొచ్చా?

సమాధానం: బాబూ, పైపు తొడగొద్దు. ఇప్పటికే తొడిగి ఉంటే తీసి పక్కన పెట్టండి.

ఎందుకో చెబుతాం. మీ ఓమ్నీది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. సిలిండర్ల మీద మూతలా ఉండే దాని హెడ్ అల్యూమినియం, ప్లగ్గు ఒళ్లు ఉక్కు. ప్లగ్గు మర 14 మిల్లీమీటర్లది. ఈ సైజు ప్లగ్గుకి అల్యూమినియం హెడ్‌లో ఉండాల్సిన బిగువు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, అంటే రెండున్నర నుంచి మూడు కేజీ మీటర్లు. 20 సెంటీమీటర్ల పిడి చివర 15 కిలోల బరువు వేలాడదీస్తే వచ్చే బలం అంతే. అదే చెయ్యి 60 సెంటీమీటర్ల పైపు చివర పట్టుకుంటే బలం మూడింతలవుతుంది. అప్పుడు ప్లగ్గు ఊడి రావచ్చు, ప్లగ్గుతో పాటు హెడ్‌లోని మర కూడా చుట్టుకుని రావచ్చు. తల దగ్గర ప్లగ్గు తెగి, కింది సగం లోపలే మిగిలిపోయినా మిగలవచ్చు. రెండు మూడు వందల రూపాయల పని హెడ్ దించి లేత్ షాపుకి మోసుకెళ్లేదాకా పోతుంది.

వేడి మీద బిగించడం వల్లే ఈ తిప్పలు వచ్చి ఉండొచ్చు. వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. కాలే హెడ్‌లో బిగిస్తే అప్పుడు చేతికి తెలిసే బిగువు ఒకటి, చల్లారాక మిగిలేది ఇంకొకటి. పైగా చెయ్యి కాలుతుంటే ఎవరూ వేళ్లతో నెమ్మదిగా మర ఎక్కించరు, నేరుగా పానా వేసి లాగేస్తారు. మర అడ్డంగా ఎక్కినా అప్పుడు తెలియదు. మీ నడిమి ప్లగ్గు అలా అడ్డంగా ఎక్కి ఉండే అవకాశం కూడా ఉంది. అందుకే దాన్ని బలంతో కాకుండా ఓపికతో తియ్యాలి.

రాత్రంతా ఆగిన బండి మీదే మొదలుపెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రానికి ముందూ వెనకా రాయి పెట్టండి. తాళం తీసి జేబులో వేసుకోండి. సీటు ఎత్తాక 10 నంబరు పానాతో బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. ప్లగ్ వైర్లలో వచ్చేది పదిహేను ఇరవై వేల వోల్టుల కరెంట్. ఇంజన్ ఆగి ఉంటే అది రాదు, కానీ పక్కనున్న పిల్లాడు సరదాగా తాళం తిప్పితే వస్తుంది. ఇంజన్ ముందు సీట్ల కిందే కాబట్టి పెట్రోలు ఆవిరి బండి లోపలే నిలుస్తుంది. తలుపులన్నీ తీసి ఉంచండి. బీడీ, సిగరెట్, లైటర్ ఏవీ దగ్గర పెట్టుకోవద్దు. గ్యాస్ కిట్ ఉంటే ట్యాంకు వాల్వు మూసెయ్యండి.

నడిమి ప్లగ్గు చుట్టూ ఉన్న గుంతను ముందు శుభ్రం చెయ్యాలి. మీ బండిలో అక్కడ ఇసుక, ఎండిన ఉప్పు, చేప పొలుసులు కూడా ఉంటాయి. ప్లగ్గు ఊడిన క్షణంలో అదంతా నేరుగా సిలిండర్‌లో పడి, పిస్టన్ రింగుల మధ్య ఆకురాయిలా పనిచేస్తుంది. పాత పెయింట్ బ్రష్‌తో కదిలించి, సైకిల్ పంపుతో గాలి కొట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ ఉప్పు కంట్లో పడితే చాలా బాధ. తీసేసిన రెండు ప్లగ్గుల రంధ్రాల్లో అంతకుముందే శుభ్రమైన గుడ్డ ముక్కలు దోపి, కొసలు బయటికి కనిపించేలా వదలండి.

తర్వాత తుప్పు వదిలించే నూనె ప్లగ్గు మొదట్లో, వాషర్ చుట్టూ నాలుగైదు చుక్కలు పడేలా కొట్టి ఆరేడు గంటలు వదిలెయ్యండి. మధ్యలో ఇంకోసారి కొడితే మంచిది. ఆ తర్వాత ప్లగ్ పానా తల మీద పూర్తిగా దిగేలా పెట్టి, నిటారుగా పట్టుకుని తిప్పండి. పానా పక్కకి వాలితే పింగాణీ పగులుతుంది. పావు చుట్టు కదిలిందంటే సంతోషంతో లాగెయ్యకండి. మళ్లీ అరపావు వెనక్కి బిగించి, నూనె చుక్క వేసి, ఇంకో పావు విప్పండి. ముందుకీ వెనక్కీ ఇలా ఆడిస్తేనే మరలో గట్టిపడిన మసి పొడిపొడిగా రాలుతుంది. ఒకే వైపు లాగితే ఆ మసి ముద్దకట్టి అల్యూమినియాన్ని గీరుకుంటూ వస్తుంది. కిర్రుమని శబ్దం వచ్చి బిగుసుకుందంటే ఆపి, నూనె వేసి, ఇంకో గంట ఆగండి.

రాత్రంతా నానినా కదలకపోతే చేయదగిన పని ఇంకొకటి ఉంది. గుడ్డలు తీసి, పాత ప్లగ్గులు రెండూ తిరిగి పెట్టి, వైర్లు తగిలించండి. చిమ్మిన నూనె అంతా తుడిచి బ్యాటరీ తీగ కలపండి. అరచెయ్యి హెడ్ మీద ఆనించి ఉంచగలిగేంత వెచ్చబడేదాకా ఇంజన్ నడిపి ఆపండి. ఉక్కుకన్నా అల్యూమినియం ఎక్కువ సాగుతుంది కాబట్టి ఆ వెచ్చదనంలో పట్టు కొంచెం వదులుతుంది. బ్యాటరీ తీగ మళ్లీ విప్పి ప్రయత్నించండి. చల్లగా ఉన్నప్పుడే చెయ్యాలని పైన చెప్పాం కదా, ఇరుక్కున్న ప్లగ్గు విప్పడానికి మాత్రమే ఈ సడలింపు. చెయ్యి చురుక్కుమనేంత వేడి వద్దు. కొత్తది బిగించేది చల్లారాకే. దీనికీ రాకపోతే మంచి షెడ్డుకి తీసుకెళ్లండి, మర విషయం ముందే చెప్పండి.

ప్లగ్గు వచ్చాక మొదట దాని మర చూడండి. మసి, తుప్పు ఉంటే భయం లేదు. మర గాళ్లలో వెండి తీగలా మెరిసే పోగులు చుట్టుకుని ఉంటే అది మీ హెడ్ లోహం. అప్పుడు కొత్త ప్లగ్గు పెట్టి ఎలాగోలా బిగించెయ్యకండి. మర సరిగ్గా పట్టని ప్లగ్గు నడిచే ఇంజన్ లోంచి తుపాకీ గుండులా ఎగురుతుంది, మీ బండిలో అది ఎగిరేది సీటు కిందినుంచి. అలాంటి మరను పెద్దది కోసి హెలికాయిల్ అనే ఉక్కు తీగ చుట్ట కూర్చి బాగుచేస్తారు. హెడ్ దించి చెయ్యడమే క్షేమం, కోసిన రజను సిలిండర్‌లో పడదు.

ఇక మీరు తీసిన రెండు ప్లగ్గుల సంగతి. అసలు జవాబు వాటిలోనే ఉంది. మూడూ తీశాక సిలిండర్ వరసలో ఒక కాగితం మీద పేర్చి పగటి వెలుతురులో చూడండి. కొస లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఇంజన్ బాగా మండుతోంది. వేలికి అంటే పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. తడిగా జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ పైకి వస్తోంది, వాల్వ్ సీళ్లో రింగులో అరిగాయి. పెట్రోలు వాసనతో తడిసి ఉంటే ఆ ప్లగ్గులో మంట పుట్టడమే లేదు. తెల్లగా సున్నంలా అయి, చిన్న చిన్న బొబ్బలు కనిపిస్తే మితిమీరిన వేడి. పెట్రోలు, గాలి మిక్చర్ పలచబడో, మంట పుట్టే టైమింగ్ ముందుకి జరిగో, తప్పు నంబరు ప్లగ్గు వల్లో అలా అవుతుంది. మూడూ ఒకే రంగులో ఉంటే దోషం మూడింటికీ కలిపి ఉన్న చోట, అంటే పెట్రోలు, గాలి కలిపే కార్బురేటర్, చల్లటి ఇంజన్‌కి గాలి తగ్గించే చోక్, గాలి ఫిల్టర్లలో. ఒక్కటే వేరుగా ఉంటే దోషం ఆ ఒక్క సిలిండర్‌లోనో, దాని వైర్‌లోనో.

మీ రెండూ పొడి మసి. రెణ్ణెల్లకోసారి ప్లగ్గులు మార్చినా మళ్లీ అదే వస్తోందంటే ప్లగ్గుల తప్పు కాదు. మా అనుమానం మొదట చోక్ కేబుల్ మీద. తెల్లారగట్ట చల్లటి ఇంజన్ కోసం చోక్ లాగుతారు, బండి అందుకున్నాక నాబ్ లోపలికి నొక్కుతారు. ఉప్పుగాలికి కేబుల్ లోపల తుప్పు పట్టి, నాబ్ లోపలికి వెళ్లినట్టే కనిపించినా కార్బురేటర్ దగ్గర రేకు సగమే తెరుచుకుంటుంది. శ్రీకాకుళం దాకా మీ బండి సగం చోక్ మీదే నడుస్తుందన్నమాట. చూడడం తేలిక. గాలి ఫిల్టర్ కప్పు తీసి కార్బురేటర్ నోట్లోకి చూడండి. నాబ్ పూర్తిగా నొక్కినప్పుడు ఆ ఇత్తడి రంగు రేకు నిటారుగా నిలబడాలి. ఏటవాలుగా ఉండి, వేలితో నెడితే నిలబడిందంటే దొంగ దొరికినట్టే. కేబుల్ మార్చండి, నూనె పోసి సరిపెట్టడం నెల రోజుల ముచ్చటే. అదే చూపులో ఫిల్టర్ కూడా చూడండి. కాగితం మడతల్లోంచి ఎండ వెలుతురు కనపడకపోతే కొత్తది వెయ్యండి. రెండూ బాగుంటే అప్పుడు కార్బురేటర్‌లో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్ మీదికి వెళ్లాలి. అది చెయ్యి తిరిగిన మెకానిక్ పని.

కొత్త ప్లగ్గుల నంబరు విషయంలో పాత ప్లగ్గు మీది నంబరు చూపించి అదే ఇమ్మనకండి. పాతవాళ్లు తప్పువి వేసి ఉండొచ్చు. బండి పుస్తకంలో ఉన్న నంబరు అడగండి. పుస్తకం పోతే కంపెనీ విడిభాగాల కౌంటర్లో మోడల్, సంవత్సరం చెబితే చూసి ఇస్తారు. వేరే కంపెనీది ‘దీనికి సమానం’ అని ఇచ్చినప్పుడు జాగ్రత్త. ఎన్‌జీకే ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ చల్లటి ప్లగ్గు, అంటే వేడిని త్వరగా హెడ్‌కి వదిలేది. బాష్‌లో దీనికి సరిగ్గా తలకిందులు, అంకె పెరిగేకొద్దీ వేడి ప్లగ్గు. ఒకదాని అంకెతో రెండోదాన్ని పోల్చి ఇచ్చే కొట్లున్నాయి. మర పొడవు కూడా పాతదాని పక్కన పెట్టి సరిచూడండి. పొడవెక్కువైతే పిస్టన్‌కి తగలొచ్చు, తక్కువైతే ఖాళీ మరలో మసి పేరుకుని తర్వాత సరైన ప్లగ్గు ఎక్కదు. ఇరిడియం ప్లగ్గుకి డబ్బు పెట్టనక్కర్లేదు. మీ ఇంజన్‌కి మామూలు నికెల్ ప్లగ్గు చాలు. పది వేల కిలోమీటర్లకోసారి తీసి చూసి, ఇరవై వేలకి మారిస్తే సరిపోతుంది. డబ్బాలోంచి తీస్తూ సిమెంటు నేల మీద పడేస్తే మాత్రం ఆ ప్లగ్గు వాడకండి. లోపల పింగాణీ చిట్లితే బయటికి కనపడదు.

గ్యాప్, అంటే ప్లగ్గు కొసన మంట దూకే సందు, 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. కొత్త డబ్బాలో సరిగ్గానే వస్తుందని నమ్మి పెట్టెయ్యకండి, ఫీలర్ గేజ్‌తో, అంటే మందం రాసి ఉన్న పల్చటి రేకుల కట్టతో చూడండి. 0.70 రేకు కొద్దిగా రాసుకుంటూ దూరాలి, 0.80 దూరకుండా పట్టెయ్యాలి. ఎక్కువుంటే వంగి ఉన్న బయటి కొక్కేన్ని చెక్క మీద మెల్లగా తట్టండి, తక్కువుంటే ఆ కొక్కేన్నే కొంచెం ఎత్తండి. నడిమి కడ్డీకి ఊతం పెట్టి మాత్రం ఎత్తొద్దు, దాని చుట్టూ ఉన్న పింగాణీ పుటుక్కుమంటుంది. గ్యాప్ ఎక్కువైతే బరువు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్ కొడుతుంది. తక్కువైతే ఐడ్లింగ్‌లో వణుకుతుంది.

బిగించేటప్పుడు ఒక జానెడు పాత పెట్రోలు పైపు ముక్క దగ్గర పెట్టుకోండి. ప్లగ్గు తల మీది పింగాణీకి ఆ పైపు తొడిగి, రంధ్రంలోకి దించి, పైపును వేళ్లతో తిప్పండి. మొదట అర చుట్టు ఎడమకి తిప్పితే మర అంచు దిగినట్టు చిన్న టక్కు తెలుస్తుంది, అక్కణ్ణుంచి కుడికి. మర సరిగ్గా ఉంటే వెన్నలో దిగినట్టు పోతుంది. అడ్డంగా ఎక్కితే ప్లగ్గు తిరగదు, రబ్బరే జారుతుంది. పానాకి ఆ తేడా తెలియదు, అందుకే పానా చివర్లో. వాషర్ హెడ్‌కి ఆనేదాకా పది చుట్లకి పైగా వేళ్లతోనే రావాలి. ఆ తర్వాత కొత్త ప్లగ్గుకి పానాతో అర చుట్టు, మహా అయితే మూడింట రెండు వంతులు. ఆ అర చుట్టులో కొత్త వాషర్ నలిగి పట్టుకుంటుంది. పాత ప్లగ్గే తిరిగి పెడితే వాషర్ ఇదివరకే నలిగి ఉంటుంది, చుట్టులో పన్నెండో వంతు చాలు, అంటే గడియారంలో ఒక అంకె దూరం. బిగువు కొలిచే టార్క్ రెంచ్ ఉంటే 25 న్యూటన్ మీటర్ల దగ్గర పెట్టండి.

మరకి గ్రీజు రాయొచ్చా అన్నారు. వద్దు. ఇప్పటి ప్లగ్గుల మరకి తుప్పు పట్టని పూత వేసే వస్తుంది. గ్రీజు రాస్తే మర జారుడుగా తిరిగి, అదే చేతి బలానికి ఎక్కువ బిగుసుకుంటుంది. ఉప్పుగాలి భయం నిజమే కానీ దానికి గ్రీజు పెట్టాల్సిన చోటు వేరే ఉంది. ప్లగ్ వైరు చివర రబ్బరు టోపీ లోపల, అంచు చుట్టూ, బియ్యపు గింజంత సిలికాన్ గ్రీజు రాయండి. మామూలు గ్రీజు రబ్బరును పాడుచేస్తుంది. టోపీ తొడిగాక టక్కుమని కూర్చోవాలి.

వైర్లు తీసేముందే టేపు ముక్కల మీద 1, 2, 3 అని రాసి అంటించాల్సింది. మీరు రెండు ఇప్పటికే తీశారు, గుర్తు తప్పితే ఇలా చూసుకోండి. ఈ ఇంజన్ పేలే వరస 1-3-2. ఒకటో వైరు, ప్లగ్గులకి వరసగా కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్ మూతలో ఎక్కడ ఉందో గుర్తించి, దాని లోపలి రోటర్ తిరిగే దిశలో ఆ తర్వాతది మూడో ప్లగ్గుకి, దాని తర్వాతది రెండోదానికి పోవాలి. రెండు మారితే కార్బురేటర్లోంచి టపటపమని మంట ఎగదన్నుతుంది. పెట్రోలు కారుతున్న పాత బండిలో, అదీ సీటు కింద, ఆ మంట చిన్న విషయం కాదు. గాలి ఫిల్టర్ కప్పు బిగించకుండా స్టార్ట్ చెయ్యొద్దు.

డిస్ట్రిబ్యూటర్ మూత కూడా ఓసారి తీసి పొడి గుడ్డతో తుడిచి చూడండి. లోపల వెంట్రుకలా నల్లటి గీత ఒక కాలు నుంచి ఇంకో కాలుకి పాకి ఉంటే, తేమ పట్టిన ఉదయాల్లో కరెంట్ ఆ గీత వెంట పారిపోతుంది. గీరి సరిచెయ్యలేం, మూత మార్చాల్సిందే. బండి స్టార్ట్ అయ్యాక చీకట్లో, చెయ్యి పెట్టకుండా వైర్ల వైపు చూడండి. ఎక్కడైనా నీలంగా మిణుకుమంటే ఆ వైరు అయిపోయింది. వైర్లు విడిగా కాకుండా సెట్టుగా మార్చండి.

మీ బండి కష్టాలకి మూలం బాక్సుల్లోంచి కారే ఉప్పు ఐసు నీళ్లు. అవి నేల రేకు వెంట ముందుకి జారి సీటు కింద ఇంజన్ కప్పు అంచుల్లోంచి దిగుతాయి. బాక్సుల కింద అంచులు పైకి మడిచిన రబ్బరు పట్టా ఒకటి పరిచి, నీళ్లు వెనక తలుపు వైపు పోయేలా వాలు ఇవ్వండి. కడిగేటప్పుడు ఇంజన్ మీద నీటి ధార కొట్టించొద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉండే 61 రోజులు బండి పెద్దగా తిరగదు కదా, ఏటా చోక్ కేబుల్, వైర్లు, మూత, ప్లగ్గులు చూసుకునే పని అప్పుడు పెట్టుకోండి. నిలబెట్టి ఉంచినా వారానికోసారి ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడపండి.

బొలెరో, ఏస్ లాంటి డీజిల్ పికప్పులు నడిపేవాళ్లు ఇదంతా తమ బండికి పట్టించుకోనక్కర్లేదు. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గులు ఉండవు, కొన్నింటిలో ఉండే హీటర్ ప్లగ్గుల మర, బిగువు వేరు.

చోక్ సరిచేసి, కొత్తవి బిగించాక 500 కిలోమీటర్లు తిరగండి. అప్పుడు ఇంజన్ చల్లారనిచ్చి మూడూ విప్పి చూడండి. గోధుమ రంగుకి తిరిగితే చోక్ దోషమే. మూడూ మళ్లీ నల్లబడితే ఫ్లోట్ చూపించాలి. నడిమిది ఒక్కటే తడిగా జిడ్డుగా వస్తే ఆ సిలిండర్ కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, కొలిపించి, మూడింటి అంకెలూ, ప్లగ్గుల రంగూ మాకు రాసి పంపండి.